రేకు చూపు

పోర్ట్ బ్లెయిర్ వాతావరణం ఫోన్‌లో చూసినప్పుడల్లా విజయవాడలో ఉన్న మా చుట్టాలు ‘మీకేం, హాయిగా ఉన్నారు’ అంటారు. ఏడాది పొడవునా పగటిపూట 30 డిగ్రీలకు ఒకటి రెండు అటూ ఇటూ, రాత్రిపూట 23, 24. మే నెలలో రెంటచింతల, రామగుండం పేర్లు పేపర్లకెక్కే రోజుల్లో ఇక్కడ మబ్బులు దిగుతుంటాయి. ఆ అంకెల్ని బట్టి చూస్తే మేముండే పేట డైరీ ఫార్మ్‌లో ఎండ గొడవే ఉండకూడదు. కానీ మా వైపు రేకుల ఇళ్లలో ఉండేవాళ్లు పొద్దున పదకొండు దాటాక లోపల నిలవలేరు. మంచం బయటికి లాక్కుని చెట్టు నీడకు చేరతారు. చెట్టు కింది గాలికీ ఇంట్లో గాలికీ మహా అయితే రెండు మూడు డిగ్రీల తేడా. ఆ కాస్త తేడా కోసం ముసలివాళ్లు మంచాలు ఈడ్చుకోరు. వాళ్లను బయటికి తరుముతున్నది ఇంకేదో ఉంది.

మా పక్కింటి పెద్దమ్మది టెక్కలి వైపు. అండమాన్‌లో 2011 జనాభా లెక్కల ప్రకారం నూటికి పదమూడు మంది తెలుగువాళ్లు. వాళ్లలో ఎక్కువ మంది మూలాలు ఆమెలాగే శ్రీకాకుళం, విశాఖ వైపే. ‘ఫేను తిరగతంది బాబూ, గాలి తగలతంది. అయినా నెత్తి మీంచి సెగ దిగతానే ఉంది. నీ కంప్యూటర్లో అదేటో సూడు’ అంది ఒకసారి. నా పనేమిటో ఆమెకు తెలుసు. కట్టబోయే భవనాన్ని ముందు కంప్యూటర్‌లో నిలబెట్టి, ఆ ఊరి ఎండనూ గాలినీ ఉక్కనూ గంటగంటకూ ఏడాది పొడవునా దాని మీద నడిపి, లోపల మనుషులకు ఎలా ఉంటుందో, కరెంటు ఎంత ఖర్చవుతుందో లెక్కగట్టడం. బిల్డింగ్ సిమ్యులేషన్ అంటారు. పెద్దమ్మ అడిగింది ఆ విద్యలో చాలా లోతైన ప్రశ్న. ఆమె గాలి గురించి మాట్లాడటం లేదు. ఒక ఉపరితలం ఇంకో ఉపరితలానికి, మధ్యలో గాలితో నిమిత్తం లేకుండా, నేరుగా అందించే వేడి గురించి మాట్లాడుతోంది.

భోగి మంట ముందు నిలబడితే మొహం చుర్రుమంటుంది, వీపు చలికి వణుకుతుంది. ముందున్నదీ వెనకున్నదీ ఒకే గాలి. మొహానికి తగిలేది మంట నుంచి తిన్నగా వచ్చే కిరణం. ఇందుకు మంటే కానక్కర్లేదు. గోడ, నేల, బీరువా, మన ఒళ్లు, చివరికి మంచుగడ్డ కూడా కంటికి కనిపించని కిరణాలు విడుస్తూనే ఉంటాయి. 1879లో వియన్నాలో యోజెఫ్ స్టెఫాన్ ప్రయోగాల అంకెల్లోంచి దీని సూత్రం పట్టుకున్నాడు. 1884లో ఆయన శిష్యుడు బోల్ట్‌జ్మన్ సిద్ధాంతపరంగా దాన్ని రుజువు చేశాడు. వస్తువు విడిచే కిరణశక్తి దాని పరమ ఉష్ణోగ్రత నాలుగో ఘాతాన్ని బట్టి పెరుగుతుంది. 30 డిగ్రీల గోడ చదరపు మీటరుకు సుమారు 480 వాట్లు విడిచే స్థితిలో ఉంటుంది. 35 డిగ్రీల చర్మం 510 వాట్లు. నిశ్శబ్దంగా, ఏమీ జరగనట్టు కనిపించే గదిలో ఇంత రాకపోకలున్నాయన్న సంగతి చదువుకునే రోజుల్లో తెలిసినప్పుడు చాలాసేపు గోడలకేసి చూస్తూ కూర్చున్నాను. ఇచ్చినంతా ఇంచుమించు తిరిగొస్తుంది కాబట్టి మనకు తెలియదు. తెలిసేది తేడా మాత్రమే.

ఇప్పుడు నెత్తి మీద తుప్పుపట్టిన రేకు పెట్టి, అది 60 డిగ్రీలకు కాలిందనుకుందాం. నీడలో గాలి 31 డిగ్రీలే ఉన్నా, నడినెత్తి సూర్యుడి కింద ముదురు రంగు రేకు ఆ దరిదాపులకు చేరుతుంది. అది విడిచేది చదరపు మీటరుకు దాదాపు 700 వాట్లు. మన చర్మం తిరిగిచ్చేది 510. మిగతా 190 మన మీదికే.

అయితే రేకు ఎంత కాలిందన్నది సగం కథే. అది మనకు ఎంత మేర కనిపిస్తుందన్నది మిగతా సగం. ఈ రెండో భాగాన్ని వ్యూ ఫ్యాక్టర్ అంటారు. ఒక ఉపరితలం నుంచి బయల్దేరిన కిరణాల్లో ఎన్నో వంతు రెండో ఉపరితలానికి నేరుగా చేరుతుందో చెప్పే సంఖ్య. అన్ని వైపులా సమానంగా ఉన్న చదరపు గదిలో నేల నుంచి బయల్దేరిన కిరణాలు కప్పుకు అయిదో వంతు, ఒక్కో గోడకు అయిదో వంతు చేరతాయి. ఎంత తీరుగా పంచుతుందో! కానీ మనిషి నేల కాదు. నాలుగు మీటర్ల పొడవు, నాలుగు మీటర్ల వెడల్పు ఉన్న గది మధ్యలో మంచం వేసుకుని వెల్లకిలా పడుకున్న మనిషిని తీసుకోండి. రొమ్ముకు రెండు మీటర్ల ఎత్తున రేకు. ఆ రొమ్ము చూసే ప్రపంచంలో నూటికి 55 పాళ్లు రేకే. అదే రేకును ఇంకో మీటరు పైకి లేపితే 36 పాళ్లకు దిగుతుంది. రేకు మారలేదు, దాని వేడి మారలేదు, గాలి మారలేదు. మీటరు ఎత్తు పెరిగితే నెత్తి మీద భారం మూడో వంతు తగ్గింది. పాతకాలపు మేస్త్రీలు కప్పు ఎత్తుగా ఉండాలని పట్టుబట్టడంలో ఎంత నిజముందో ఈ సంఖ్య చూశాక నాకు బాగా అర్థమైంది.

55 పాళ్ల దగ్గర లెక్క వేస్తే ఆ రొమ్ము మీద చదరపు మీటరుకు 90 వాట్ల సెగ పడుతుంది. నిద్రపోయే మనిషి ఒళ్లు తనంతట తాను పుట్టించేది 40 వాట్లు, ఊరికే కూర్చున్న మనిషిది 58. అంటే ఒంట్లో పుట్టే వేడిని బయటికి పంపుకోవాల్సిన చోట, దానికి రెట్టింపు వేడి బయటి నుంచి వచ్చి పడుతోంది. ఇక మిగిలిన దారి చెమట ఒక్కటే. ఈ దీవుల ఉక్కలో చెమట ఎంత ఆరుతుందో ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు.

వ్యూ ఫ్యాక్టర్లలో పరస్పరత అనే నియమం ఒకటుంది. మొదటిదాని వైశాల్యాన్ని అది రెండోదాన్ని చూసే వంతుతో గుణిస్తే వచ్చేదీ, రెండోదాని వైశాల్యాన్ని అది మొదటిదాన్ని చూసే వంతుతో గుణిస్తే వచ్చేదీ ఒకటే. పరీక్షల కోసం బట్టీపట్టిన సూత్రమే ఇది. రేకుల ఇంటికి దాన్ని వర్తింపజేస్తే నాకు ఒళ్లు జలదరిస్తుంది. పదహారు చదరపు మీటర్ల రేకుకు, కింద పడుకున్న మనిషి రొమ్ము నూటికి ఒక పాలు. ఆ మనిషికి రేకు సగం ప్రపంచం. ఇంటి లెక్కను ఇంటి వైపు నుంచి చేస్తే మనిషి ఎక్కడో దశాంశ స్థానంలో కలిసిపోతాడు. మనిషి వైపు నుంచి చేస్తే రేకు తప్ప మరేమీ కనిపించదు. రెండూ ఒకే సమీకరణానికి రెండు కొసలు. మా రంగం చాలాకాలంగా మొదటి కొసను పట్టుకుని నడుస్తోందని నా బాధ.

ఎందుకలా జరిగిందో చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి. 1970లలో అమెరికాలో ఈ ప్రోగ్రాములు పుట్టినప్పుడు కంప్యూటర్ సమయం బంగారం. గదిలో ఆరు ఉపరితలాలుంటే పదిహేను జతలు, ముప్పై ఉంటే నాలుగు వందలకు పైగా జతలు. పైగా ప్రతిదాని ఉష్ణోగ్రతా మిగతావాటన్నిటి మీదా ఆధారపడి ఉంటుంది. నాలుగో ఘాతం ఉంది కాబట్టి తిన్నగా తేలదు, మళ్లీ మళ్లీ సరిచూసుకుంటూ పోవాలి. అందుకని గోడ లోపలి ముఖం నుంచి కిరణాలుగా పోయే వేడినీ గాలికి అంటే వేడినీ కలిపి ఒకే గుణకం చేసి, అంతా గది గాలికే చేరుతుందనుకున్నారు. డీఓఈ-2 అనే ప్రసిద్ధ ప్రోగ్రాం ఈ పద్ధతిలోనే నడిచింది. ఏసీ ఎంత సైజు కావాలి, కరెంటు బిల్లు ఎంత అన్నవే ప్రశ్నలైతే అది పనికొచ్చే సర్దుబాటే. దాన్ని తప్పుపట్టను.

కానీ కాలిన కప్పు దగ్గర ఆ సర్దుబాటు నిలబడదు. వేడెక్కిన గాలి పైకి పోతుంది. రేకు కింద అంటుకుని వేడెక్కిన గాలి ఇంకెక్కడికి పోతుంది? అక్కడే పొరలా కదలకుండా ఉండిపోతుంది. అందుకే కిందికి చూసే వేడి ఉపరితలం నుంచి గాలికి చేరేది, ఒక్కో డిగ్రీ తేడాకూ చదరపు మీటరుకు సుమారు ఒక వాట్. కిరణాలుగా కిందికి దిగేది ఆరు వాట్లకు పైనే. ఒకటికి ఆరు! ఎండలో రేకు లోపలికి పంపే వేడిలో అత్యధిక భాగం గాలిని దాటేసి నేల మీద, మంచం మీద, మనిషి మీద పడుతోంది. థర్మామీటర్ 32 దగ్గర ఆగిపోవడానికీ, పెద్దమ్మ నెత్తి కాలడానికీ కారణం ఇదొక్కటే. ఈ ఆరు వాట్లను కూడా గాలి ఖాతాలో రాసేస్తే ఆమె కష్టం కాగితం మీద మాయమవుతుంది.

కిరణాలను గాలి ఖాతాలో కలపకుండా విడిగా లెక్కగట్టే దారిని 1980 ప్రాంతాల్లో కొందరు వేశారు. జార్జ్ వాల్టన్, జోసెఫ్ కారల్ 1980లోనే గది లోపలి కిరణాల మార్పిడికి తేలిక పద్ధతులు ప్రకటించారు. ప్రతి జతనూ లెక్కించే బదులు, ఉపరితలాలన్నీ ఒక ఊహా సగటు ఉష్ణోగ్రతతో వేడి ఇచ్చిపుచ్చుకుంటున్నట్టు చూడటం అందులోని కిటుకు. 2001లో విడుదలైన ఎనర్జీప్లస్ ప్రోగ్రాం జతల లెక్కనే పూర్తిగా చేస్తుంది. మామూలుగా వదిలేస్తే పది నిమిషాలకో అడుగు చొప్పున ఏడాదంతా నడుస్తుంది. ఎవరు ఎవరిని ఎంత చూస్తారన్నది మాత్రం, మనం విడిగా ఇవ్వకపోతే, ఎక్కువగా వైశాల్యాల నిష్పత్తిని బట్టి అంచనా వేసుకుంటుంది. ఆఫీసు గదికి అది చాలు. మన దేశంలో ఈ విద్య వేళ్లూనుకున్న చోట్లలో హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ ఒకటి. అక్కడ పరిశోధన చేసిన విశాల్ గర్గ్, సురేఖ తేతలి వంటివారు మరికొందరితో కలిసి సిమ్యులేషన్ నేర్చుకునేవాళ్ల కోసం అభ్యాస పుస్తకమే రాశారు.

ఇంత మంచి పనిముట్టులోనూ ఒక మూల నన్ను ఇబ్బంది పెడుతుంది. గదిలో మనిషికి చుట్టుపక్కల నుంచి అందే సెగ సగటును మీన్ రేడియంట్ టెంపరేచర్ అంటారు. ఎనర్జీప్లస్‌లో దీనికి మూడు దారులున్నాయి. ఏమీ ఎంచుకోకపోతే అది మొత్తం గది ఉపరితలాల సగటు తీసుకుంటుంది, మనిషి గదంతా సమంగా పరుచుకుని ఉన్నట్టు. ఇందాకటి గదికి, గోడల ఎత్తు రెండున్నర మీటర్లు, గోడలూ నేలా 32 డిగ్రీలు అనుకుంటే ఆ సగటు 38కి కాస్త పైన తేలుతుంది. అదే మంచం మీది రొమ్ము వైపు నుంచి, అది చూసేదాన్ని బట్టి లెక్క వేస్తే 48 దరిదాపు. మూడో దారిలో ఏ ఉపరితలాన్ని మనిషి ఎంత వంతు చూస్తాడో మనమే ఒక్కొక్కటీ టైపు చేయాలి. ఓపిక కావాలి, గదిలో మంచం ఎక్కడుందో తెలియాలి. ఆ పది డిగ్రీల తేడా ఆ ఓపికలోనే ఉంది.

కొలిచి చూసేటప్పుడు ఇంకో చిత్రం ఎదురవుతుంది. కరోనా రోజుల్లో నుదుటికి గురిపెట్టిన తుపాకీ లాంటి ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌కు ఫ్యాక్టరీ అన్నయ్య లాంటిది ఒకటి దొరుకుతుంది. దాన్ని పాత తుప్పు రేకుకు గురిపెట్టి మీట నొక్కితే ఉన్న వేడి ఉన్నట్టే చూపిస్తుంది. పక్కనే ఈమధ్య మార్చిన తళతళలాడే జింకు రేకుకు గురిపెడితే అంకె దబ్బున పడిపోతుంది. చేత్తో తాకితే అదీ కాలుతూనే ఉంటుంది. మెరిసే లోహం తన వేడిని కిరణాలుగా విడవడంలో పీనాసి. కొత్త జింకు రేకు విడిచేది నాలుగింట ఒక వంతే. మిగతా మూడు వంతుల మేర అది చల్లని నేల నుంచి వచ్చిన కిరణాలనే అద్దంలా తిప్పిపంపుతుంది. పరికరం ఎదుట ఉన్న వస్తువు నూటికి 95 పాళ్లు విడుస్తుందన్న లెక్కతో తయారైంది. అందుకే 60 డిగ్రీల కొత్త రేకును సుమారు 40 అని చదువుతుంది. రేకు మీద నల్ల ఇన్సులేషన్ టేపు ముక్క అతికించి, అది రేకుతో సమానంగా వేడెక్కాక, ఆ ముక్కకు గురిపెడితే అసలు వేడి బయటపడుతుంది.

ఇక్కడే ఆగి ఆలోచించాలనిపిస్తుంది నాకు. ఆ 40 రేకు విషయంలో తప్పు, కింద ఉన్న మనిషి విషయంలో ఒప్పు! ఎందుకంటే మనిషికి చేరేది కూడా పరికరానికి చేరినదే: రేకు సొంతంగా విడిచిన కొంచెం, నేల నుంచి వచ్చి తిరిగిపోయిన ఎక్కువ. కొత్త రేకు కింద పడుకుంటే 40 డిగ్రీల కప్పు కింద పడుకున్నంత సెగే. ఉప్పుగాలికి నాలుగు వానాకాలాలు తిరిగేసరికి మెరుపు పోతుంది, ఆపైన తుప్పు పడుతుంది. అప్పుడు అదే రేకు అరవైకి అరవై కిందికి దింపుతుంది. ‘రేకులు వేసిన కొత్తల్లో ఇంత లేదు’ అని జనం అనే మాటను చాలామంది ఇంజినీర్లు చాదస్తం కింద కొట్టిపారేస్తారు. అది చాదస్తం కాదు, భౌతికశాస్త్రం. లోపలివైపు శుభ్రంగా ఉంటుందని రేకుకు పెయింటు వేయించేవాళ్లకూ ఈ మాట చెప్పాలి. పెయింటు ఏ రంగుదైనా, తెల్లదైనా సరే, ఈ కిరణాల దగ్గర నూటికి తొంభై పాళ్లు విడుస్తుంది. ఇప్పుడు వస్తున్న రంగురంగుల షీట్లకు అడుగువైపు కూడా పూత ఉంటుంది. పైన లేతరంగు తీసుకుంటే ఎండను తిప్పికొట్టడానికి మంచిదే. అడుగున మాత్రం మెరుపు ఉండాలి.

ఈ దీవుల్లో రేకు చూపు కింద ఒక జాతిలో చాలామంది బతికిన రోజులున్నాయి. 2004 డిసెంబరు 26 సునామీ తర్వాత 2005లో నిర్వాసితులకు టిన్ షెల్టర్లు వేశారు. తొందరలో, ఓడలో వచ్చిన సామానుతో, వానలు ముంచుకొచ్చే లోగా అంతమందికి నీడ కల్పించడం చిన్న పని కాదు. కానీ నికోబార్ ప్రజలు వాటిలో పగలు ఉండలేకపోయారు. శాశ్వత ఇళ్లు వచ్చేదాకా ఏళ్ల తరబడి చాలా కుటుంబాలు అలాగే గడిపాయి. వాళ్లు వదులుకుని వచ్చిన ఇల్లు ఎలాంటిదో గుర్తుచేసుకుంటే మనసు చివుక్కుమంటుంది. కార్ నికోబార్ సంప్రదాయ గుడిసె స్తంభాల మీద నిలబడి, గుండ్రటి గోపురంలా, మందంగా గడ్డి కప్పుకుని ఉంటుంది. నిచ్చెన వేసుకుని అడుగు నుంచే లోపలికి ఎక్కాలి. గడ్డి పైపొర ఎండకు ఎంత కాగినా లోపలి ముఖం దాదాపు గాలి వేడి దగ్గరే ఉంటుంది. చుట్టూరా ఒకే వేడి ఉన్నప్పుడు ఎటు పడుకున్నా, ఏది ఎంత కనిపించినా ఒక్కటే. వ్యూ ఫ్యాక్టర్ లెక్కతో పనే లేని ఇల్లు అది. అలాంటి ఇంట్లో పుట్టి పెరిగిన మనిషిని టిన్ను కింద కూర్చోబెట్టారు. అప్పట్లో ఎవరైనా ఒక్కరు, గాలి వేడిని కాకుండా మంచం దగ్గరి సెగను లెక్కగట్టి ఉంటే, టిన్నుకు అడుగున ఒక పొర వేయడం ఎంత అవసరమో అంకెల్లో కనిపించేది.

ఇదే శాస్త్రాన్ని తలకిందులు చేసి మేలుకు వాడుకున్న చోటు మన హైదరాబాద్ శివార్లలోనే ఉంది. పోచారంలోని ఇన్ఫోసిస్ క్యాంపస్‌లో 2011లో ఒక పెద్ద ఆఫీసు భవనాన్ని రెండు సమ భాగాలుగా చేసి, ఒక సగంలో మామూలు పద్ధతిలో చల్లగాలి పంపారు. రెండో సగంలో కప్పు శ్లాబులోనే పైపులు వేసి చల్లని నీళ్లు తిప్పారు. శ్లాబు చల్లబడి, కింద కూర్చున్నవాళ్ల ఒంటి నుంచి కిరణాలుగా వేడి తీసుకుంటుంది. పక్కపక్కనే, ఒకే వాతావరణం, ఒకే రకం మనుషులు. మొదటి రెండేళ్ల కొలతల్లో రెండో సగం చల్లదనానికి 34 శాతం తక్కువ కరెంటు పట్టిందని గురుప్రకాశ్ శాస్త్రి, పీటర్ రంసే 2014లో ప్రకటించారు. భవనాల మీద ఇంత నికార్సైన పోలిక ప్రపంచంలో అరుదు. అది తెలుగు నేల మీద జరిగిందంటే నాకు గర్వంగా ఉంటుంది.

అండమాన్‌లో కరెంటు చాలావరకు ఓడల మీద వచ్చిన డీజిల్‌తో పుడుతుంది. కాబట్టి ఆ 34 శాతం ఇక్కడికి తెచ్చుకోవాలని ఎవరికైనా అనిపిస్తుంది. తెచ్చుకోలేం. ఇక్కడ గాలి 29 డిగ్రీలు, తేమ 80 శాతం ఉన్న రోజున 25 డిగ్రీల కన్నా చల్లనిది ఏది ఎదురైనా దాని మీద నీళ్లు పడతాయి. కప్పును 21 దగ్గర ఉంచితే ఆఫీసులో వాన కురుస్తుంది. కిటికీలు బిగించి గాలిలోని తేమను ముందే పిండేస్తే కుదురుతుంది గానీ, డైరీ ఫార్మ్ ఇళ్లలో కిటికీలు మూసుకునేది తుఫాను రోజునే.

చల్లని కప్పు, వేడి కప్పు మనిషికి ఒకటి కావు. డెన్మార్క్‌లో పరిశోధకుడు ఫాంగర్, ఆయన సహచరులు మనుషుల్ని గదుల్లో కూర్చోబెట్టి అడిగి తెలుసుకున్న విషయమిది. నెత్తి మీద చల్లదనాన్ని ఇట్టే ఓర్చుకుంటాం, నెత్తి మీద వేడిని అసలు ఓర్చుకోలేం. అమెరికన్ ఇంజినీర్ల సంఘం ఆష్రే ప్రమాణం దీన్నే అంకెల్లో పెట్టింది. పైకీ కిందికీ సెగలో తేడా, కప్పు చల్లగా ఉంటే 14 డిగ్రీల దాకా ఫర్వాలేదు. వేడిగా ఉంటే 5 డిగ్రీలు దాటకూడదు. మంచం మీది మనిషికి పైనుంచి 48, కింద నుంచి 32 అనుకోండి, తేడా 16. ప్రమాణం ఒప్పుకునేదానికి మూడు రెట్లు. ఏసీ ఆఫీసుల్లో కూర్చునేవాళ్ల సుఖం కోసం తయారైన ఈ అంకె అసలు అవసరమైన చోటు రేకుల ఇల్లే.

మరి ఏం చేయాలి? తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చి, 2028 నాటికి 300 చదరపు కిలోమీటర్ల కప్పులను చల్లని పూతల కిందికి తేవాలని లక్ష్యం పెట్టుకుంది. పైన తెల్లపూత వేస్తే ఎండ అక్కడే తిరిగిపోతుంది, అంతకన్నా మేలు లేదు. ఇక్కడ మాత్రం ఏటా సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన, దాని వెంట నాచు. తెల్లదనం నిలవాలంటే ఏటా కడగాలి. ఎక్కి కడిగేవాళ్లు లేని ఇంటికి నేను అడుగువైపు నుంచి చేసే పనినే మొదట చెప్తాను. రేకుకు కింద రెండు మూడు అంగుళాల ఖాళీ వదిలి, వాసాలకు అడ్డంగా అల్యూమినియం ఫాయిల్ పరవడం. తుప్పు రేకుకూ దాని కింది ప్లైవుడ్ సీలింగుకూ మధ్య నడిచే కిరణాల మార్పిడి గుణకం 0.82. ఆ ప్లైవుడ్ పైముఖానికి ఫాయిల్ ఉంటే అది 0.05. పదహారో వంతు! అయితే పైకి చూసే ఫాయిల్ మీద దుమ్ము పడితే దాని మెరుపుతో పాటే ఈ పదహారూ పోతుంది. అందుకే మెరిసే ముఖం కిందికి చూడాలి. కిందికి చూసే ముఖం మీద దుమ్ము నిలవదు. అప్పుడు ఫాయిల్ కాస్త వేడెక్కినా, దాన్ని గదిలోకి విడవడంలో పీనాసిగా ఉంటుంది. నడికప్పు దగ్గర ఖాళీలో చిక్కిన గాలి పోయేందుకు రెండు వైపులా దారి ఉంచాలి.

ఏ పూట లెక్క చూడాలన్నదీ ఊరిని బట్టి ఉంటుంది. మన గడియారం మిర్జాపూర్ దగ్గరి రేఖాంశానిది. ఈ దీవులు పది డిగ్రీలు తూర్పున ఉన్నాయి. కాబట్టి ఇక్కడ సూర్యుడు నడినెత్తికి వచ్చేసరికి గడియారంలో పదకొండుంపావు దాటి ఉంటుంది. ఏప్రిల్ మూడో వారంలోనూ ఆగస్టు నాలుగో వారం మొదట్లోనూ నిజంగానే నడినెత్తి మీద, నీడ కాళ్ల కింద. రేకు పలచన కాబట్టి ఎండతో పాటే కాలి, సాయంత్రానికి ఎండతో పాటే చల్లారుతుంది. శ్లాబు మూడు నాలుగు గంటలు ఆలస్యంగా వేడెక్కి, రాత్రి భోజనాల వేళ దాకా ఆ వేడిని దింపుతూనే ఉంటుంది. రేకుల ఇల్లు పగలు ఇంట్లో ఉండేవాళ్లను కాలుస్తుంది: బాలింతల్ని, పసిపిల్లల్ని, ముసలివాళ్లను, రాత్రి డ్యూటీ చేసి వచ్చి పడుకున్నవాళ్లను. ఏడాది సగటు తీసుకున్నా, రోజు సగటు తీసుకున్నా వీళ్లు లెక్కలోంచి జారిపోతారు.

2018లో వచ్చిన జాతీయ నిబంధనావళి ఎకో నివాస్ సంహిత ఇళ్ల కప్పులకు ఉష్ణ ప్రసార పరిమితి పెట్టింది, చదరపు మీటరుకు డిగ్రీకి 1.2 వాట్లు. మంచి నిబంధన. అయితే అది 500 చదరపు మీటర్లు, అంతకు పైబడిన స్థలాల్లోని ఇళ్లకు ఉద్దేశించింది. ఆ లెక్కలో కప్పు లోపలి ముఖానికి ఒక స్థిర సంఖ్య వాడతారు. గది వైపు మెరిసే ఫాయిల్ ఉందా, పెయింటు ఉందా అన్నది దానికి పట్టదు, కింద మంచం ఎంత దూరాన ఉందో అంతకన్నా పట్టదు. పదిహేనడుగుల గది ఇంటికి ఆ నిబంధన ఎలాగూ రాదు, వచ్చినా దాని గొడవ పట్టించుకోదు.

అందుకని నేను ఇచ్చే ప్రతి నివేదికలో, అడిగినా అడక్కపోయినా, ఒక పేజీ చేరుస్తున్నాను. గదిలో మనిషి పడుకునే చోటు, అక్కడి నుంచి కప్పు కనిపించే వంతు, పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం నాలుగు దాకా గంటగంటకూ ఆ చోట సెగ ఎన్ని డిగ్రీలు, గాలి ఎన్ని డిగ్రీలు. దాన్ని సరిచూసేందుకు ఖరీదైన పరికరం కూడా అక్కర్లేదు. టేబుల్ టెన్నిస్ బంతికి నల్లరంగు వేసి, లోపల థర్మామీటర్ మొన పెట్టి మంచం ఎత్తున వేలాడదీస్తే చాలని మైఖేల్ హంఫ్రీస్ 1977లోనే చూపించాడు. కట్టించేవాళ్లు మొదట కరెంటు యూనిట్ల పేజీయే తిరగేస్తారు. ఈ పేజీ దగ్గర ఆగినవాళ్లు మాత్రం ఎక్కువగా ఒకే ప్రశ్న అడుగుతారు, మంచం ఏ గోడకు వేస్తే మంచిదని. దానికి నా దగ్గర జవాబుంది. ఆ నాలుగు మీటర్ల గదిలో మంచాన్ని నడిమధ్య నుంచి గోడకు చేరిస్తే రేకు కనిపించే వంతు 55 నుంచి నలభై దరిదాపులకు తగ్గుతుంది. పైసా ఖర్చు లేదు. ఫాయిల్ వేసేలోగా ఆ పని ఈరోజే చేయొచ్చు.